ఊరికే కూర్చోవడానికి ఒక తీరం

"ఈసారి సెలవులకు ఎక్కడికైనా వెళ్దాం" అని ఇంట్లో ఎవరైనా అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? నిజం చెప్పండి. సముద్రమా? కొండలా? నాకైతే పులిహోర గుర్తొచ్చేది! ఎంతమందికి కలపాలి, ఎన్ని డబ్బాలు కావాలి, పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోకుండా పాలెన్ని పోయాలి, మంచినీళ్ల క్యాను మూత సరిగ్గా పడుతోందా లేదా... ఇవే ఆలోచనలు. ప్రయాణం రోజున తెల్లవారుజామున మూడింటికే మా వంటింట్లో లైటు వెలిగేది. అందరూ బండెక్కి హుషారుగా పాటలు పెట్టుకునే వేళకు నేను కిటికీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. ఊరొచ్చాక లేచి, డబ్బాలు దింపి, తలలు లెక్కపెట్టుకుని, మళ్లీ డబ్బాలు ఎక్కించి తిరిగి వచ్చేదాన్ని.

మీలో చాలామందికి ఇది కొత్త కథేమీ కాదని నాకు తెలుసు. అందుకే ఈ మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది. సినిమా పాటల్లో కనిపించే ఫ్రాన్సు సముద్రతీరం చూసొచ్చాక, నేను నా సొంత ఖర్చుతో, నా ఇష్టప్రకారం మొదటిసారి సెలవు గడిపిన చోటు ఏమిటో తెలుసా? మన పాలమూరు సీమలోని ఆలంపూర్!

నవ్వకండి. నవ్వడం మా అమ్మాయి ఎప్పుడో నవ్వేసింది.

నీలి తీరంలో నీలి కుర్చీలు

మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ల కిందట నన్ను పిలిపించుకుని, "అమ్మా, నిన్ను మధ్యధరా సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తా" అంది. ఫ్రాన్సు దక్షిణాన నీస్ అనే ఊరుంది. ఆ తీరానికంతటికీ 'కోట్ దజ్యూర్' అని పేరు. అంటే నీలి తీరమని అర్థం. 1887లో ఒక ఫ్రెంచి రచయిత తన పుస్తకానికి పెట్టిన ఆ పేరే తీరానికి నిలిచిపోయింది. దగ్గర్లోనే సినిమా ఉత్సవాలు జరిగే కాన్, కోటీశ్వరులుండే మొనాకో. ఆ నీళ్ల రంగు నేనెంత చెప్పినా మీకు అందదు. పొద్దున ఒక నీలం, మధ్యాహ్నం ఒక నీలం, సాయంత్రం నెమలికంఠం పట్టుచీర రంగు.

అయితే ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. అక్కడ బీచిలో ఇసుక లేదు! అన్నీ గుండ్రాళ్లే. చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే అరికాళ్లు హరేరామ అంటాయి. మెత్తటి పడకకుర్చీ కావాలంటే అద్దె కట్టాలి. ఆ అద్దెను రూపాయల్లోకి మార్చి లెక్కవేయడం రెండో రోజే మానేశాను. లేకపోతే కాఫీ కూడా గొంతు దిగేది కాదు.

సముద్రం వెంబడి ఏడు కిలోమీటర్ల పొడవున పెద్ద కాలిబాట ఉంది. దానికి 'ఇంగ్లీషువాళ్ల బాట' అని పేరు. పంతొమ్మిదో శతాబ్దంలో చలికాలం గడపడానికి వచ్చిన ఇంగ్లీషు దొరలు డబ్బు పోగుచేసి, పనిలేని పేదలకు కూలి ఇచ్చి దాన్ని వేయించారట. విక్టోరియా రాణి కూడా 1890ల్లో ఆ ఊరికి వచ్చి ఉండేది. ఆ బాట పక్కన వరసగా నీలిరంగు కుర్చీలుంటాయి. వాటికి అద్దె లేదు. ఎవరైనా, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

ఒకరోజు అలాంటి కుర్చీలో నా వయసు ఆవిడే ఒకరు కూర్చుని ఉన్నారు. కాళ్ల దగ్గర కూరగాయల బుట్ట. అందులో వంకాయలు, టమాటాలు. సంచి చూస్తే బజారునుంచి ఇంటికి వెళ్తున్న మనిషని తెలిసిపోతోంది. ఆవిడ పుస్తకం చదవలేదు, ఫోను తీయలేదు, అల్లిక సూదులు పట్టుకోలేదు. నీళ్లవైపు చూస్తూ గంటసేపు అలాగే ఉన్నారు.

"ఆవిడ ఎవరికోసం ఎదురుచూస్తోందే?" అని అడిగాను మా అమ్మాయిని.

"ఎవరికోసమూ కాదమ్మా. ఊరికే కూర్చుంది."

ఊరికే! ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్లకు పైబడిన నా సంసారంలో నేను ఊరికే కూర్చున్న గంట ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను. జ్వరం వచ్చినప్పుడు పడుకున్నాను. కూర్చున్నానంటే చేతిలో చిక్కుడుకాయలో, బియ్యం చేటో, పిల్లల బట్టలో ఉన్నాయి.

ఆ రాత్రి మా అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. ఒకప్పుడు ఆ తీరమంతా రాజులు, జమీందారులకేనట. 1936లో ఫ్రాన్సులో చట్టం చేసి, పనిచేసే ప్రతివారికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. రైలు టిక్కెట్లలో రాయితీ ఇచ్చారు. అప్పుడు మామూలు కార్మికుల కుటుంబాలు ఎన్నో జీవితంలో మొదటిసారి సముద్రం చూశాయట. వింటుంటే ఒళ్లు పులకరించింది. మరుక్షణమే ఒక అనుమానమూ వచ్చింది. ఆ రెండు వారాలూ అక్కడి అమ్మలకు వంట ఎవరు చేసి పెట్టారో! ఫ్యాక్టరీకి సెలవిచ్చారు సరే, పొయ్యికి ఎవరిచ్చారు?

పదిసార్లు వెళ్లి చూడని ఊరు

ఇంటికి వచ్చాక కూడా ఆ నీలి కుర్చీ నన్ను వదల్లేదు. మాది గద్వాల. అక్కడికి దగ్గరే ఆలంపూర్. ఇప్పుడు మా జిల్లా పేరే జోగులాంబ గద్వాల, 2016లో ఏర్పడింది. పెళ్లికి ముందు, తర్వాత కలిపి ఆలంపూర్‌కు పదిసార్లకు తక్కువ కాకుండా వెళ్లి ఉంటాను. శివరాత్రికి వెళ్లాను, దసరాకు వెళ్లాను, 2008లో తుంగభద్ర పుష్కరాలకు అత్తగారిని తీసుకుని వెళ్లాను. కానీ అక్కడి నది ఏ రంగులో ఉంటుందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు! స్నానం చేసినవాళ్ల తడిబట్టలు పిండటమే గుర్తుంది.

డిసెంబరులో మా అమ్మాయి సెలవు మీద వచ్చింది. "ఎక్కడికి వెళ్దామమ్మా?" అంది. "ఆలంపూర్‌లో రెండు రోజులు" అన్నాను.

"నీస్ తర్వాత ఆలంపూరా!" అని పడీపడీ నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఆపేసింది.

మా అమ్మను కూడా రమ్మన్నాం. అమ్మకు ఎనభైకి దగ్గర. గద్వాలలోనే మా తమ్ముడి దగ్గర ఉంటుంది. మూడు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, ఇంటినుంచి ఏమీ వండి తీసుకెళ్లకూడదు. రెండు, ఏ మొక్కూ పెట్టుకుని పోకూడదు. మూడు, ఎక్కడా తొందరపడకూడదు. రెండో షరతుకు అమ్మ ససేమిరా అంది.

"మొక్కు లేకుండ దేవుని కాడికి ఏంటికి పోతారే? ఊరికె కూసోనీకె అంత దూరం పోవాల్నా?"

"అవునవ్వా, ఊరికె కూసోనీకే" అంది మా అమ్మాయి, అవ్వ యాసలోనే. అమ్మ నవ్వి, బీరువాలోంచి పాత గద్వాల చీర తీసి కట్టుకుంది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు జోడించి నేసే చీర అది. "పట్టు అంచు ఉంది గనక పండగకు, నూలు గనక పనికి, రెండిటికీ ఒకటే చీర" అని మా అమ్మమ్మ అనేదట. ఆ రోజు ఆ చీరకు పనీ లేదు, పండగా లేదు.

తొమ్మిది గుళ్లు, ఒక్క పూటలో కాదు

ఆలంపూర్‌ను శ్రీశైలానికి పడమటి ద్వారం అంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం మిగతా మూడు ద్వారాలు. ఊరు తుంగభద్ర ఎడమ గట్టున ఉంది. కాస్త దిగువకు పోతే తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది.

ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ... ఈ తొమ్మిది పేర్ల చివరా 'బ్రహ్మ' అని ఉన్నా అన్నీ శివుడి గుళ్లే. రససిద్ధుడు అనే యోగి కథతో ముడిపెట్టి, ఈ పేర్లు మూలికల పేర్లని కూడా ఇక్కడివాళ్లు చెబుతారు. పూజలు ప్రధానంగా జరిగేది బాలబ్రహ్మేశ్వరుడికి.

ఇదివరకు వచ్చినప్పుడల్లా బాలబ్రహ్మ దర్శనం, అమ్మవారి దర్శనం, బండి! ఈసారి ఒక్కో గుడి ముందు ఆగాం. మీరు వెళితే శిఖరాలు చూడండి. తారకబ్రహ్మ ఒక్కటే మన దక్షిణాది తీరులో ఉంటుంది. మిగతావన్నీ ఉత్తరాది గుళ్లలాగా నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. పైన గట్లుగట్లుగా గుండ్రటి రాయి కనిపిస్తుంది. దాన్ని ఆమలకం అంటారు. ఆమలకం అంటే మన ఉసిరికాయే! అది తెలిశాక మా అమ్మ ప్రతి గుడికీ తలెత్తి "ఇదీ ఉసిరికాయనే" అంటూ లెక్కపెట్టింది.

స్వర్గబ్రహ్మ గుడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. చాళుక్య వినయాదిత్యుడి కాలంలో, అంటే 681కీ 696కీ మధ్య, ఒక రాణి గౌరవార్థం దీన్ని కట్టినట్లు శాసనం చెబుతోంది. గోడల మూలల్లో దిక్పాలకులు, మధ్యలో జంటల శిల్పాలు. ఒక స్త్రీ గౌరవార్థం పదమూడు వందల ఏళ్ల కిందట కట్టిన గుడి మన పక్క ఊళ్లోనే ఉంటే, పదిసార్లు వచ్చి కూడా ఆ సంగతి తెలుసుకోని నా మీద నాకే కోపం వచ్చింది.

ప్రాంగణంలోని మ్యూజియంలో లజ్జాగౌరి విగ్రహం ఉంది. తలకు బదులు తామరపువ్వుతో, ప్రసవానికి సిద్ధమైన భంగిమలో ఉండే తల్లి. పిల్లలు లేని ఆడవాళ్లు ఈ తల్లికి మొక్కుకోవడం పాత అలవాటు. మా అమ్మ ఆ రాయి ముందు చాలాసేపు నిలబడింది. "నువ్వు పుట్టకముందు మీ నాయనమ్మ నన్ను ఈడికి పిలుచుకొచ్చింది" అంది నాతో. అంతవరకు నాకు ఆ సంగతే తెలియదు.

జోగులాంబ తల్లి అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోది. సతీదేవి పై పలువరుస ఇక్కడ పడిందని ఐతిహ్యం. పాత గుడి పద్నాలుగో శతాబ్దం చివర బహమనీల దండయాత్రలో ధ్వంసమైందంటారు. అప్పటినుంచి అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలోనే పూజలందుకుంది. 2005లో కొత్త గుడి కట్టి ప్రతిష్ఠించారు. తల్లిది ఉగ్రరూపం. జడల్లో బల్లి, తేలు, కపాలం ఉంటాయి. ఆ ఉగ్రం చల్లారడానికే గుడి చుట్టూ నీళ్లు ఉంచారని చెబుతారు. ఇంటిలో జీవకళ తగ్గితే బల్లులు, తేళ్లు చేరతాయనీ, దానికి గుర్తుగానే అమ్మవారి తలలో అవి ఉన్నాయనీ ఇక్కడ అర్థం చెబుతారు. మా అమ్మాయి చిన్నగా నా చెవిలో, "ఇల్లు చూసుకునే ఆమెకు విసుగొస్తే ఆమె కూడా ఇలాగే ఉంటుందేమో" అంది. గుళ్లో ఉన్నాం గనక నవ్వు ఆపుకున్నాను.

గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. మేం వెళ్లినప్పుడు గుళ్లోంచి వచ్చినవాళ్లలో కొందరు అక్కడా ఆగి దండం పెట్టుకుని వెళ్తున్నారు.

రాళ్లకు నంబర్లు

రెండో రోజు పొద్దున్నే నదీతీరానికి వెళ్లాం. గుళ్లకూ నదికీ మధ్య ఎత్తయిన రక్షణ కట్ట ఉంది. కృష్ణ మీద శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు, జలాశయం నిండితే వెనక నీళ్లు ఈ గుళ్లదాకా వస్తాయని ఆ కట్ట వేశారు. అయినా 2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరదకు కర్నూలుతో పాటు ఆలంపూర్ కూడా మునిగింది. కట్ట దిగి మెట్లమీద కూర్చున్నాం. నది రంగు ఏమిటో ఇప్పుడు నేను చెప్పగలను. పొద్దున లేత బూడిద, ఎండ ఎక్కేకొద్దీ పెసరపొట్టు రంగు, సాయంత్రం బెల్లంపాకం. నీలం మాత్రం కాదు.

మొదటి అరగంట నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండుసార్లు సంచి సర్దాను. మా అమ్మాయి సంచి లాక్కుని తన వెనక పెట్టుకుంది.

అమ్మ మాత్రం నీళ్లు పారే వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి చెయ్యి చాపి, "అగో, ఆ వంక. ఆడనే మా ఊరు" అంది.

అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఒక చిన్న పల్లె. నా చిన్నప్పుడు సెలవులకు అక్కడికే వెళ్లేవాళ్లం. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద సుమారు వంద ఊళ్లు పోయాయి. అందులో మా అమ్మమ్మ ఊరూ ఒకటి. ఆ విషయం మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ దాని గురించి అమ్మ నోటివెంట ఒక్క మాట కూడా నేను వినలేదు.

అంతకుముందు రోజు సాయంత్రమే సంగమేశ్వరాలయం చూసొచ్చాం. నదులు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల గుడి అది. మునిగిపోతుందని రాయి రాయీ ఊడదీసి, గుర్తులు వేసి, ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో పాపనాశి గుళ్లు కూడా అలా తరలించినవే. చిన్నా పెద్దా కలిపి ఇరవైకి పైగా ఉంటాయి. అదంతా అమ్మకు గైడులాగా వివరించి చెప్పింది నేనే.

"నిన్న నువ్వు చెప్తాంటే అనుకున్నా" అంది అమ్మ. "రాళ్లకు నెంబర్లు ఏసి దేవుణ్ని తెచ్చినారు. మంచిదే. మా అమ్మ పొయ్యిగడ్డకు ఎవరు నెంబరు ఏస్తారు?"

కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. తర్వాత మెల్లగా ఆ చివరి రోజు సంగతి చెప్పింది. ఊరు ఖాళీ చేసే పొద్దున, సామానంతా బండికెక్కించాక, మా అమ్మమ్మ చీపురు తీసుకుని ఇల్లంతా ఊడ్చిందట. పొయ్యి అలికిందట. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేసిందట. బండి దగ్గర మగవాళ్లు ఆలస్యమవుతోందని అరుస్తున్నారు. మా అమ్మ వెళ్లి, "మునిగే ఇంటికి ముగ్గేంటికమ్మా?" అని అడిగిందట.

"గంగమ్మ ఇంటికొస్తాంటే వాకిలి ఊడ్సకుంటే ఎట్లనే?" అందట మా అమ్మమ్మ.

మేం ముగ్గురం ఇంకేమీ మాట్లాడుకోలేదు. నీళ్లమీద ఎండ పడింది. చేపల పుట్టి ఒకటి అటునుంచి ఇటు వచ్చింది. మా అమ్మాయి అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నలభై ఏళ్లకు పైగా ఆ మాట అమ్మ లోపలే ఉంది. నన్ను నమ్మక కాదు, దాచుకోవాలనీ కాదు. మేమిద్దరం ఎప్పుడు కలిసినా మధ్యలో ఏదో ఒక పని ఉండేది. పెళ్లి పనులు, పురుడు, పచ్చళ్లు, తద్దినాలు. మాగాయ ముక్కలు తరుగుతూ ఎన్నో మాటలు చెప్పుకున్నాం గానీ, ఈ మాట చెప్పడానికి కావలసినంత ఖాళీ మాకు ఎప్పుడూ దొరకలేదు. నీస్‌లో ఆ కూరగాయల బుట్ట ఆవిడను చూసి ఉండకపోతే, మా అమ్మ ఆ ముగ్గును తనతోపాటే తీసుకుపోయేది. తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

మీరు వెళ్లాలనుకుంటే...

హైదరాబాదునుంచి ఆలంపూర్ సుమారు 220 కిలోమీటర్లు. బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆలంపూర్ చౌరస్తాలో దిగితే ఊళ్లోకి ఆటోలు దొరుకుతాయి. దారిలో బీచుపల్లి దగ్గర కృష్ణ దాటతారు. ఒడ్డునే ఆంజనేయస్వామి గుడి. కర్నూలునుంచైతే పాతిక కిలోమీటర్ల పైచిలుకు, బస్సులున్నాయి. జోగులాంబ హాల్ట్ రైల్వే స్టేషను ఉంది గానీ అన్ని రైళ్లూ ఆగవు. ముందే చూసుకోండి.

ఊళ్లో గదులు తక్కువ. పండగ రోజుల్లో దొరకడం కష్టం. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే కర్నూలులో బస చేసి పొద్దున్నే రావడం సుఖం. అక్టోబరునుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఎండాకాలం వద్దు, గుళ్ల బండలమీద కాలు పెట్టలేరు. మధ్యాహ్నం గుళ్లు కాసేపు మూస్తారు. కాబట్టి శిల్పాలు పొద్దున, నది సాయంత్రం పెట్టుకోండి. మెట్లు దాటి లోతులోకి దిగకండి. నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి గానీ నమ్మకూడదు. పుష్కరాల రద్దీ అలవాటైనవాళ్లకు మామూలు రోజుల్లో ఈ ఊరి నెమ్మది ఆశ్చర్యంగా ఉంటుంది. తుంగభద్రకు 2020లో పుష్కరాలయ్యాయి, మళ్లీ 2032లోనే.

సంగమేశ్వరం అని వినగానే తికమక పడకండి. నంద్యాల జిల్లా వైపు ఇంకో సంగమేశ్వరం ఉంది. ఆ గుడి ఏటా నెలల తరబడి జలాశయంలో మునిగి ఉండి, నీళ్లు తగ్గాక బయటపడుతుంది. అది వేరు, తరలించి తెచ్చిన ఈ గుడి వేరు.

తిండి సంగతికి వస్తే, పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. మధ్యాహ్నం జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బాలు కట్టుకుని వెళ్లకండి! మొదటి పూట మనసు ఒప్పుకోదు. రెండో పూటకు అలవాటవుతుంది.

వంట ఊసు వద్దని ఇంతసేపు చెప్పి, చివర వంటే చెబుతున్నాననుకోకండి. నీస్ వీధుల్లో 'సొక్కా' అనే అట్టు అమ్ముతారు. తిని చూస్తే ఏముంది, మన శనగపిండి అట్టు! ఒక కప్పు శనగపిండికి కప్పుకు కొంచెం ఎక్కువ నీళ్లు, రెండు చెంచాల నూనె, ఉప్పు వేసి ఉండలు లేకుండా కలిపి రెండు గంటలు నాననివ్వాలి. వాళ్లు పెద్ద రాగిపళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మనం ఇనుప పెనం బాగా వేడిచేసి, పలుచగా పోసి, అంచులు ఎర్రబడేదాకా కాల్చుకుంటే చాలు. మీద మిరియాలపొడి చల్లాలి. ఆలంపూర్‌నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఇది చేసింది మా అమ్మాయి. తిన్నది నేనూ మా అమ్మా. ప్లేట్లు కడిగింది మా వారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేం ముగ్గురం లేవకపోవడం చూసి ఆయనే లేచారు.

తీరం అంటే నీలంగానే ఉండాలని ఏమీ లేదు. మీ ఊరికి దగ్గర్లో ఒక చెరువుగట్టు ఉండే ఉంటుంది, ఒక కాలువ ఒడ్డు, ఒక రేవు. వచ్చే సెలవుల్లో పులిహోర కలపకుండా, మీ అమ్మనో, అత్తగారినో, పెళ్లికెదిగిన కూతురినో వెంటబెట్టుకుని ఒక పూట అక్కడికి వెళ్లండి. సంచి తెరవకండి. మొదటి అరగంట చేతులు ఊరుకోవు, నాకూ అలాగే అయింది. ఆ అరగంట దాటాక మీ పక్కన కూర్చున్నామె ఏదైనా చెప్పడం మొదలుపెడితే, మధ్యలో లేవకండి.